వేగము – నిరీక్షణ

నేటి యుగము వేగయుగమని చెప్పుకొనుట పరిపాటి అయినది. అయితే వేగముతో పాటు పుట్టిన కవల బిడ్డ ఒకటి ఉన్నది. దాని పేరు నిరీక్షణ. ఉర్దూ గజలులో ‘ఇంతెజార్’ అనీ, తెలుగు ప్రబంధములో విరహమనీ మన రెండు భాషల కవులూ దానికి పెద్దపీట వేశారు. కవులకు అది అలంకారము. కానీ స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు చివరి గంటలో, ఫోను తెర మీద గుండ్రముగా తిరుగుతున్న చక్రమును చూస్తూ కూర్చున్న విద్యార్థికి అది అలంకారము కాదు, ఆపద. ఆ నిరీక్షణ ఎక్కడ పుడుతున్నది, దానిని ఎవరు పంచుతున్నారు, ఆ పంపకములో న్యాయమెంత అనునవి ఈ వ్యాసములో మేము పరిశీలింపదలచిన విషయాలు. మేము తెలుగు పాఠము చెప్పుకొనేవారము, ఇంజనీరింగు చదివినవారము కాము. అయినను పంపకములో న్యాయమన్నది ఇంజనీర్లకు మాత్రమే వదలివేయదగిన సంగతి కాదని మా నమ్మకము.

మన ఉప్పల్ క్రికెట్ మైదానమునే తీసుకొందాము. 2005 నవంబరు 16న భారత, దక్షిణాఫ్రికా జట్ల మధ్య ఇక్కడ మొదటి అంతర్జాతీయ ఒకరోజు పోటీ జరిగినది. దాదాపు 39,000 మంది కూర్చొనగల ఈ మైదానములో జరిగిన 2017, 2019 సంవత్సరాల ఐ.పి.ఎల్. అంతిమ పోటీలు రెండూ ఒక్క పరుగు తేడాతోనే ముగిశాయి. అటువంటి ఆటలో చివరి బంతి పడిన క్షణమున వేలాది చేతులు ఒక్కసారిగా ఫోనుల మీదికి పోతాయి. ఒకరు ఫొటో పంపుతారు, ఒకరు వీడియో పంపుతారు, ఒకరు ఇంటికి బయలుదేరుతున్నామని రెండు మాటలు పంపుతారు. పోటీ చూచి వచ్చిన మన విద్యార్థులను అడిగి చూడండి. ఫోను మీద సిగ్నల్ గీతలన్నీ నిండుగానే ఉంటాయి. సందేశము మాత్రము కదలదు.

గీతలు నిండుగా ఉండగా సందేశము ఎందుకు కదలదు? ఎందుకనగా, ఆ గీతలు చెప్పేది టవరు గొంతు మనకు ఎంత గట్టిగా వినబడుతున్నదో మాత్రమే. మన ముందు ఎందరు వరుసలో ఉన్నారో అవి చెప్పవు. దుకాణము దీపము వెలుగుతున్నంత మాత్రాన మన వంతు వచ్చినట్లు కాదు గదా!

టవరులోని యంత్రము కాలమును చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. 4జీ పద్ధతిలో ఒక్కొక్క ముక్క సెకనులో వెయ్యవ వంతు. ప్రతి ముక్కలోనూ, తనకు లభించిన తరంగాల పట్టీని ఏ ఫోనుకు ఎంత ఇవ్వవలెనో అది నిర్ణయిస్తుంది. అనగా సెకనుకు వెయ్యి మార్లు తీర్పు చెప్పే పంచాయతీ పెద్ద అన్నమాట. ఇంజనీర్లు దీనిని షెడ్యూలర్ అంటారు. మన పల్లెల భాషలో చెప్పవలెనంటే ఇది నీరటి పని.

నీరటిని ఎరుగని పట్టణపు విద్యార్థుల కొరకు రెండు మాటలు. మన ఉప్పల్ నల్ల చెరువు, నాచారము పెద్ద చెరువు నేడు ఇండ్ల మధ్య చిక్కుకొని ఉన్నవి గాని, చెరువు అన్నది తెలంగాణలో పంటకొరకు పుట్టినది. చెరువు నీటిని మడులకు వంతుల ప్రకారము వదిలే గ్రామ సేవకుడే నీరటి. తూము పక్కనున్న మడికి వదిలిన నీరు దాదాపు అంతా మడికే చేరుతుంది. ఆయకట్టు చివరనున్న మడికి పోయే నీటిలో చాలా భాగమును దారిలోని కాలువయే తాగివేస్తుంది. చివరి మడి తడవవలెనంటే తూమును చాలాసేపు తెరచి ఉంచవలె. మొదటి మడివాడు “నా పొలమునకు పారించు, చుక్క వృథా కాదు” అంటాడు. చివరి మడివాడు “నా పైరు ఎండుతున్నది” అంటాడు. ఇద్దరు చెప్పేదీ నిజమే. నీరటి ఎవరి మాట వినవలె?

టవరు ముందున్న ప్రశ్న అచ్చముగా ఇదే. టవరుకు ఎదురుగా మేడ మీద కూర్చున్న విద్యార్థి ఒకడు. నాచారము పారిశ్రామికవాడ వెనుక, రేకుల గోడల నడుమ, సందు చివరి గదిలో కూర్చున్న విద్యార్థిని ఒకతె. కాలమంతా అతనికే ఇచ్చినచో సెకనుకు 20 మెగాబిట్లు అందుతాయనుకొందాము. కాలమంతా ఆమెకే ఇచ్చినచో 2 మెగాబిట్లు మాత్రమే అందుతాయనుకొందాము. ఇప్పుడు మూడు విధాలుగా పంచవచ్చును.

మొదటిది, కాలమంతా అతనికే ఇచ్చుట. మొత్తము చేరవేత 20 మెగాబిట్లు; ఆమెకు సున్న. రెండవది, ఇద్దరికీ సమముగా సమాచారము అందేటట్లు పంచుట. అప్పుడు కాలములో 11 పాళ్ళకు 10 పాళ్ళు ఆమెకే పోతాయి. ఇద్దరికీ చెరి 1.8 మెగాబిట్లు, మొత్తము సుమారు 3.6 మాత్రమే. మూడవది, ఇద్దరికీ సమముగా కాలమిచ్చుట. అతనికి 10, ఆమెకు 1, మొత్తము 11. ఒకే టవరు, ఒకే గాలి, అవే రెండు ఫోనులు. నియమము మారగానే మొత్తము 20 నుండి 3.6 వరకు మారిపోయినది. ఆమె భాగము సున్న నుండి 1.8 వరకు మారినది. కనుక ‘నెట్‌వర్కు బాగులేదు’ అను మాట వెనుక చాలా సార్లు ఒక నియమము దాగి ఉంటుందని విద్యార్థులు గ్రహింపవలె.

శాస్త్రజ్ఞులు మొదట మొత్తము మీదనే దృష్టి నిలిపారు. ఏ క్షణములో ఎవరి మార్గము అందరికంటె బాగున్నదో వారికే ఆ క్షణమును ఇచ్చినచో మొత్తము చేరవేత గరిష్ఠమవుతుందని 1995లో నాప్, హంబ్లెట్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. గణితముగా అది నిర్దోషము. కానీ ఆ నియమము కింద సందు చివరి గది ఎప్పటికీ చివరి గదియే. తరువాత 2000 ప్రాంతములో మరొక నియమము వాడుకలోకి వచ్చినది. దానిని అనుపాత న్యాయమని చెప్పుకొనవచ్చును. ప్రమోద్ విశ్వనాథ్, డేవిడ్ సే, రాజీవ్ లారోయా 2002లో ప్రకటించిన పత్రములో దాని వివరణ ఉన్నది. ఈ నియమము ఒకరిని మరొకరితో పోల్చదు. ఎవరిని వారి సగటుతోనే పోలుస్తుంది. గాలిలో మార్గము క్షణక్షణము మారుతూ ఉంటుంది. మనిషి నడచినా, ఎదుట లారీ వచ్చి నిలిచినా మారుతుంది. సందు చివరి విద్యార్థినికి కూడా ఆమె స్థితిని బట్టి చూచినచో కొన్ని మంచి క్షణాలు ఉంటాయి. ఆ మంచి క్షణములోనే ఆమెకు వంతు ఇస్తే గాలి వృథా కాదు, ఆమెకూ పని జరుగుతుంది. ఎప్పుడూ 35 మార్కులు తెచ్చుకొనే విద్యార్థి ఈసారి 50 తెచ్చుకొంటే, ఎప్పుడూ 90 తెచ్చుకొనే వానికి ఈసారి 85 వచ్చినా, ఈ పూట ముందు పిలిచి మెచ్చుకొనదగినవాడు మొదటివాడే అని ఉపాధ్యాయునికి తెలుసు. అటువంటిదే ఇదీ.

ఇది చక్కని నియమము. కానీ దీనిలోనూ ఒక లోపము ఉన్నది. ఎవరెంత సేపటి నుండి వేచి ఉన్నారన్నది ఇది అడుగదు. నెలాఖరున లెక్క చూస్తే అందరికీ తగినంత అందినట్లే కనబడుతుంది. కానీ ఫీజు కట్టవలసిన గంటలో అందక, అర్ధరాత్రి అందిన సమాచారము లెక్కలో చేరుతుంది గాని అక్కరకు రాదు. పైరు ఎండిన తరువాత తూము ఎత్తినచో నీటి లెక్క సరిపోతుంది, పంట లెక్క సరిపోదు.

నిరీక్షణను లెక్కలోకి తెచ్చిన ఘనత మరికొందరిది. 1992లో టాసియులాస్, ఎఫ్రమైడిస్ అనే శాస్త్రజ్ఞులు ఒక సూత్రము చెప్పారు. ప్రతి ఒక్కరికీ వరుసలో ఎంత పని పేరుకొని ఉన్నదో చూడుము. దానిని వారి వేగముతో గుణించుము. ఎవరి లబ్ధము పెద్దదో వారికి వంతు ఇమ్ము. ఏ పద్ధతిచేతనైనా అదుపులో ఉంచగలిగినంత రద్దీ అయినచో, ఈ పద్ధతి కూడా ఆ వరుసలను అదుపులో ఉంచుతుందని వారు నిరూపించారు. అయితే ఇందులోనూ చిక్కు ఉన్నది. పెద్ద వీడియో పంపువాని వరుస పొడవుగా ఉంటుంది. రెండే మాటలు పంపువాని వరుస చిన్నది. చిన్న వరుస పెరుగదు గనుక వానికి వంతు రావడమే కష్టము. అల్లరి చేసినవాని పని ముందు, మౌనముగా నిలిచినవాని పని వెనుక అన్నట్లు అవుతుంది.

ఆ చిక్కును తీర్చుటకు, వరుస పొడవునకు బదులు వరుసలో ముందున్నవాడు ఎంతసేపు వేచినాడో దానినే వేగముతో గుణింపవచ్చునని 2001లో ఒక బృందము వివరించినది. బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన కృష్ణన్ కుమరన్, కవితా రమణన్ వంటి భారతీయ నామములు ఆ బృందములో కనబడుట మనకు సంతోషదాయకము. మన ఉదాహరణకు ఈ సూత్రమును అన్వయించి చూద్దాము. మేడ మీది విద్యార్థి వేగము 20, అతడు సెకనులో పదవ వంతు వేచినాడు, లబ్ధము 2. సందు చివరి విద్యార్థిని వేగము 2, ఆమె ఒక సెకను వేచినది, లబ్ధము 2. ఇద్దరూ సమానులైనారు! ఆపైన ఆమె నిరీక్షణ ఇసుమంత పెరిగినా వంతు ఆమెదే. పదింతలు బలహీనమైనవారు పదింతలు వేచిన పిమ్మట బలవంతునితో సమానులవుతారు. ఇది దయ కాదు, లెక్క. నిరీక్షణకు విలువ కట్టిన లెక్క. పదింతలు అన్నది ఎక్కువ అనిపించినచో ఎవరి నిరీక్షణకు ఎంత బరువు ఇవ్వవలెనో ఆ బరువును మార్చుకొనే వీలు కూడా ఆ సూత్రములోనే ఉన్నది.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చును. చేరవేత, నిరీక్షణ రెండూ ఒకేసారి బాగుపడవా? కొంతవరకు బాగుపడతాయి. ఆ పైన ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. ఉప్పల్ రింగురోడ్డు వద్ద షేర్ ఆటో ఎక్కినవారికి ఇది వివరింపనక్కర లేదు. ఆటో నిండేవరకు డ్రైవరు కదలడు. అతని వైపు నుండి చూచినచో అది న్యాయమే. ఖాళీ సీటుతో పోతే డీజిలు దండుగ. కానీ మొదట ఎక్కిన ముసలమ్మ ఇరవై నిమిషాలు ఎండలో కూర్చున్నది. ఆటో నిండుటయే చేరవేత. ముసలమ్మ కూర్చున్న వేళయే నిరీక్షణ. నాచారము పారిశ్రామికవాడలో లేతు మీద పనిచేసే మిస్త్రీ కూడా ఇట్లే చేస్తాడు. ఒకే కొలత గల పనులన్నీ ఒక్కసారి పట్టుకొంటే మరల మరల మిషను బిగించుకొనే పని తప్పుతుంది, దినమునకు ఎక్కువ సరుకు దిగుతుంది. ఒక్క బుష్షు చేయించుకొనుటకు వచ్చిన రైతు మాత్రము సాయంకాలము వరకు గడప దగ్గర కూర్చొనవలె.

వరుసల గణితము మరొక హెచ్చరిక కూడా చేస్తున్నది. జిరాక్సు దుకాణములో ఒక్కొక్కరికి సగటున రెండు నిమిషాలు పడుతుందనుకొందాము. మనుషులు వచ్చే వేళలకు గాని, పని పట్టే వేళలకు గాని నియమము లేదనుకొందాము. దుకాణదారుడు కాలములో సగము పనిలో ఉంటే మనిషి లోపల గడిపే వేళ సగటున 4 నిమిషాలు. నూటికి 90 పాళ్ళు పనిలో ఉంటే 20 నిమిషాలు. నూటికి 99 పాళ్ళు పనిలో ఉంటే 200 నిమిషాలు, అనగా 3 గంటల 20 నిమిషాలు! తొంబదికిని తొంబది తొమ్మిదికిని మధ్య యజమాని సంపాదించినది పదింట ఒక వంతు పని. వచ్చినవారు పోగొట్టుకొన్నది మూడు గంటలు. ఒక్క క్షణము కూడా యంత్రము ఖాళీగా ఉండరాదని పట్టుబట్టేవారు ఈ లెక్కను ఒక్కసారి వేసి చూచుకొనుట మంచిది.

ఇంటర్నెట్ లోకములోనే ఇటువంటి పొరపాటు ఒకటి చాలా కాలము గుర్తింపబడక సాగినది. ఏ ప్యాకెట్టూ పోరాదన్న ఆత్రముతో యంత్రాలు చేయువారు వాటిలో పెద్ద పెద్ద గాదెలు పెట్టారు. వచ్చిన సమాచారమంతా గాదెలో నిలువ ఉండి, వరుస కదిలినప్పుడు పోతుంది. చేరవేత లెక్కలో మచ్చ లేదు. నిరీక్షణ మాత్రము సెకనులలోకి పెరిగినది. 2010, 2011 సంవత్సరాలలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు ఈ రోగమునకు పేరు పెట్టి చాటి చెప్పినాడు. అంతవరకు అందరూ మెగాబిట్లు కొలిచారే గాని గడియారము చూడలేదు.

ఇంతదూరము ఈ సంగతులు చెప్పుటకు మాకొక కారణమున్నది. దానిని దాచుట ధర్మము కాదు. 2020 మార్చి తరువాత తరగతి గదులు మూతపడి, పాఠాలు ఫోనులోకి ప్రవేశించిన రోజులలో మేమును అందరివలెనే ఫోను ముందు కూర్చొని పాఠము చెప్పినవారమే. హాజరు పిలిచేవారము. నాచారము నుండి వచ్చే ఒక విద్యార్థిని పేరు పిలిచినప్పుడల్లా జవాబు వచ్చేది కాదు. రెండు మూడు క్షణాలు ఆగి గైర్హాజరు అని గుర్తు పెట్టి, తరువాతి పేరు పిలిచేవారము. నెల గడిచిన తరువాత ఆ అమ్మాయి తన తండ్రి ఫోను నుండి మాట్లాడినది. “సార్, నేను ప్రతిరోజూ ‘హాజరు’ అంటూనే ఉన్నాను. మీకు చేరేసరికి మీరు వేరేవాళ్ళ పేరు పిలుస్తున్నారు” అన్నది. ముగ్గురు పిల్లలకు ఒక్క ఫోను ఉన్న ఇల్లు అది. తమ్ముళ్ళను ఒప్పించి, గోడ పక్కన సిగ్నల్ దొరికే మూల వెదకుకొని కూర్చొనేదట. ఆమె ప్రతిరోజూ వచ్చినది. ఆమె గొంతు మాత్రము ఆలస్యముగా వచ్చినది. టవరు ఆమెకు చేసిన అన్యాయమునకు మేము రిజిస్టరులో ముద్ర వేశాము. సాంకేతిక నియమము ఒకసారి, మా నియమము మరొకసారి, రెండు మార్లు ఆమె వరుస చివరికి నెట్టబడినది.

కావున ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఒక్కటే. ఏ వరుసకైనను నియమము పెట్టువారు మొత్తము ఎంత జరిగినదని మొదట అడుగరాదు. చివరివారు ఎంతసేపు వేచిరి అని మొదట అడుగవలె. ఆ నిరీక్షణకు ఒక హద్దు గీచి, ఆ హద్దు లోపల మొత్తమును ఎంత పెంచగలరో అంత పెంచవలె. హద్దు ముందు, మొత్తము తరువాత. ఈ క్రమము తలకిందులైనప్పుడే అన్యాయము పుడుతున్నది.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. అన్నింటిలోనూ అందరికీ సమానముగా వంతులు ఇచ్చివేయరాదా అని కొందరు కోమల హృదయులు అడుగవచ్చును. మన వైఫైయే దీనికి సమాధానము చెబుతున్నది. వైఫైలో ఒక్కొక్క ఫోనుకు దీర్ఘకాలము మీద సమానమైన సంఖ్యలో ప్యాకెట్లు పంపే అవకాశము వస్తుంది. 2003లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగర పరిశోధకులు చూపించినదేమనగా, 11 మెగాబిట్ల వేగము గలవారి మధ్య 1 మెగాబిట్ వేగము గలవారు ఒక్కరు చేరితే చాలు, అందరి చేరవేతయు 1 మెగాబిట్ కంటె దిగువకు పడిపోతుంది. ఎందుకనగా, ఒక్కొక్క ప్యాకెట్టుకు ఆ ఒక్కరు పదింతల కాలము తీసుకొంటారు. చివరి మడి నిండేవరకు తూము మూయనని నీరటి పంతము పడితే ఊరంతా ఎండుతుంది. చివరి మడీ నిండదు. కనుక మొత్తమును లెక్కచేయకుండుట కూడా న్యాయము కాదు. మేము చేరవేతకు శత్రువులము కాము. దానిని రెండవ స్థానములో ఉంచవలెనంటున్నాము, అంతే.

ఇంకొక ఆక్షేపణ కమిటీ పెద్దల వైపు నుండి రావచ్చును. “ఇదంతా ఎందుకు? ఇంకా పెద్ద లైను కొందాము, సమస్య తీరిపోతుంది” అని. కొనవలసినదే, కాదనము. కానీ వరుసల లెక్క మరువరాదు. సౌకర్యము పెరిగినకొద్దీ వాడుక పెరుగుతుంది. ఫలితాలు వెలువడే రోజునా, ఫీజు గడువు చివరి రోజునా ఏ లైనైనను నిండుతుంది. సమృద్ధి ఉన్నప్పుడు నియమము ఎటువంటిదైనా సాగిపోతుంది. కొరత వచ్చిన గంటలోనే నియమము గుణము బయటపడుతుంది. విందులో వడ్డించువాని ధర్మబుద్ధి గిన్నె నిండుగా ఉన్నప్పుడు తెలియదు, గిన్నె అడుగంటినప్పుడు తెలుస్తుంది.

ఇక మన కళాశాల సంగతి. ఉప్పల్, నాచారము, మల్లాపూర్, హబ్సిగూడ, రామంతపూర్ వాడల నుండి వచ్చే మన పిల్లలలో చాలామంది తమ కుటుంబములో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవారు. 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైనులోనే జరుగుతున్నాయి. దరఖాస్తులకు గడువులు ఉంటాయి. గడువు దాటిన దరఖాస్తునకు మెగాబిట్లతో పని లేదు. అందుచేత కమిటీ వారి ముందు మూడు మనవులు ఉంచుతున్నాము.

మొదటి మనవి: వైఫై కొరకు ధరలు పిలిచినప్పుడు ఎన్ని మెగాబిట్లు అని మాత్రమే అడుగవద్దు. మధ్యాహ్నము విరామ సమయములో, అందరూ వాడుతున్నప్పుడు, అన్నింటికంటె దూరముగా ఉన్న గదిలో ఒక చిన్న సందేశము పోయి రావడానికి ఎంత వేళ పడుతుందో కూడా అడగండి. ఆ గదిలోనే నిలబడి కొలిపించండి. ప్రిన్సిపాలుగారి గదిలో కొలిచిన వేగము ప్రిన్సిపాలుగారికే చెల్లుతుంది. ఒక్కొక్క ఫోనుకు ప్యాకెట్ల లెక్కన గాక కాలము లెక్కన వంతు ఇచ్చే సౌకర్యము గల యంత్రాలు ఉన్నవి. అటువంటివే కొనుట మేలు.

రెండవ మనవి: ప్రవేశాలు, పరీక్ష ఫీజులు, స్కాలర్‌షిప్పులు, వీటి గడువు దినాలలో ఆ దరఖాస్తులకు సంబంధించిన చిన్న పనులకు ముందు దారి ఇవ్వండి. తక్కువ పని మిగిలినవానిని ముందు పంపితే అందరి సగటు నిరీక్షణ కనిష్ఠమవుతుందని 1968లో ష్రేజ్ అనే గణితజ్ఞుడు నిరూపించినాడు. ఒక దరఖాస్తు పోవుటకు పట్టే వేళ సినిమా దింపుకొనే వేళలో లేశమాత్రము. సినిమా చూచువాడు ఆ లేశమును గమనింపనైనా గమనింపడు. అయితే పెద్ద పని గలవారు అంతులేకుండా నిలిచిపోకుండా, వారి నిరీక్షణకు కూడా ఒక హద్దు ఉండవలె. గ్రంథాలయములోని కంప్యూటర్ల వద్దనూ, ఆఫీసు కిటికీ వద్దనూ ఇదే నియమము పాటింపవచ్చును. ఒక్క సంతకము కొరకు వచ్చినవారిని ఇరవై సర్టిఫికెట్ల వారి వెనుక గంటసేపు నిలబెట్టుట ఎందుకు?

మూడవ మనవి మాతో సహా అధ్యాపకులందరికీ: ఆన్‌లైను పాఠములో గొంతు వినబడని విద్యార్థి రాలేదని తీర్మానింపవద్దు. సందేశము ఎప్పుడు బయలుదేరినదో చూడండి, ఎప్పుడు చేరినదో కాదు. జవాబు కొరకు ఒక నిమిషము ఆగితే పాఠము మొత్తము కొంచెము తగ్గుతుంది. తగ్గనివ్వండి. మేము అట్లే చేస్తున్నాము.

విద్యార్థులకు ఒక మాట. మీలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చును, బ్యాంకులలో, ఆఫీసులలో, ఆసుపత్రులలో కిటికీకి అవతలి వైపున కూర్చొనవచ్చును. ఆనాడు వరుసకు నియమము పెట్టువారు మీరే అవుతారు. మీ పై అధికారి దినమునకు ఎన్ని ఫైళ్ళు కదలినవని అడుగుతాడు. వాటి సంఖ్య చెప్పండి. దానితో పాటు, అడుగకపోయినను, అన్నింటికంటె పాత ఫైలు ఎన్ని దినాల నుండి ఉన్నదో కూడా చెప్పండి. ఆ రెండవ సంఖ్య వ్రాయుటకు కాగితము మీద ఒక్క వరుస చాలు.

ఆనాటి ఆ విద్యార్థిని తరువాత డిగ్రీ పూర్తిచేసినది. ఆమె పేరు ఎదుట మేము పెట్టిన గైర్హాజరు గుర్తులను మేమే దిద్ది, సంతకము చేశాము. ఆ రిజిస్టరులో అన్నింటికంటె ఆలస్యముగా వ్రాసిన అక్షరాలు అవే.